ప్రశ్న కాదుగానీ, ఒక్క మాట...

మీటింగులు పెట్టడం, మీటింగులకి వెళ్ళడం మన జీవితాల్లో పెద్ద భాగం. వరకట్న హత్యల మీదైనా, సారా మీదైనా, భూమి హక్కుల మీదైనా, పనిచేసేచోట లైంగిక వేధింపుల మీదైనా మనం చేసిన పోరాటాలన్నీ ఎన్నో సభల గుండా నడిచినవే. వేదిక మీద ఎవరుండాలి, స్త్రీలు ఎందరుండాలి అని మనం చాలా పోట్లాడాం, చాలా రాశాం. వేదిక మీది ఉపన్యాసాలు అయిపోయి, "ఇక ప్రశ్నలేమైనా వుంటే అడగండి" అని అధ్యక్షురాలు అన్న తర్వాత మిగిలే ఆ ఇరవై నిమిషాల గురించి మాత్రం రాసినవాళ్ళు తక్కువ. ఈ సంపాదకీయం ఆ ఇరవై నిమిషాల గురించి.

దీనికి నేనెంచుకున్న ఉదాహరణ కొంచెం దూరపుది. అమెరికాలో జరిగే సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్లు. రోదసి నౌకలు, గ్రహాంతర జీవులు, రాబోయే సమాజాల గురించి కథలు రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఒకచోట చేరే మేళాలవి. వీటికీ స్త్రీల హక్కులకీ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. ప్రేక్షకుల్లోంచి వచ్చే మాట స్త్రీలని ఎట్లా వెనక్కి నెడుతుందో, దాన్ని ఎట్లా అదుపులో పెట్టాలో అక్కడి స్త్రీలు దాదాపు యాభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నారు, పద్ధతులు వెతుకుతున్నారు. సభలు నడిపే మనకి ఆ అనుభవం పనికొస్తుంది.

ముందు ఈ కన్వెన్షన్లు ఎట్లా వుంటాయో చెప్పాలి. 1939 జూలైలో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ జరిగింది. వచ్చింది సుమారు రెండువందల మంది. ఇప్పుడు అదే కన్వెన్షన్‌కి వేలమంది వస్తారు. అది కాక వూరూరా చిన్నవీ పెద్దవీ చాలా జరుగుతాయి. ఎక్కువభాగం అభిమానులు జీతం లేకుండా నడిపేవే. వారాంతంలో ఒక హోటల్ తీసుకుంటారు. ఒక్కో గదిలో గంటకో గంటంపావుకో ఒక చర్చ పెడతారు. దాన్ని ప్యానెల్ అంటారు. బల్ల వెనక నలుగురైదుగురు రచయితలో పాఠకులో కూర్చుంటారు, అందులో ఒకరు చర్చ నడిపే మోడరేటర్. చివర్లో ప్రేక్షకుల ప్రశ్నలు.

ఈ సమావేశాల్లో ఒక మంచి సంప్రదాయం వుంది. రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ మధ్య గోడ వుండదు. పొద్దున వేదిక మీద మాట్లాడిన రచయిత్రి మధ్యాహ్నం కింద కుర్చీలో కూర్చుని వింటుంది. నిన్నటి పాఠకురాలు రేపు వేదికెక్కుతుంది. దండలు, శాలువాలు, "గౌరవనీయులైన" అనే పిలుపులు లేవు. కింద కూర్చున్నవాళ్ళకి కూడా మాట్లాడే హక్కు వుందని అందరూ ఒప్పుకుంటారు. ఇంత సమానత్వం వున్నచోట ఇబ్బంది ఎక్కడినుంచి వస్తుంది? సరిగ్గా ఆ సమానత్వంలోంచే వస్తుంది. అందరికీ హక్కుంది అన్నచోట, ఆ హక్కుని మొదట అందుకునేది మాట్లాడడం ముందునుంచీ అలవాటున్నవాళ్ళే.

నేను సమాజశాస్త్ర పరిశోధన పనిమీద అమెరికాలో వున్నప్పుడు అలాంటి కన్వెన్షన్లకి వెళ్ళాను. జీతాలు, అధికారులు లేకుండా నడిచే సంస్థల్లో మాట ఎవరి చేతుల్లో వుంటుందో చూడడం నా పని. గది వెనక కూర్చుని ఎవరు లేచారు, ఎంతసేపు మాట్లాడారు, అది ప్రశ్నా కాదా అని నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. నాలుగైదు ప్యానెళ్ళయ్యేసరికి మనుషులు మారుతున్నా మాట్లాడే తీరులు అవే తిరిగి వస్తున్నాయని తెలిసిపోయింది.

మొదటిది, "ఇది ప్రశ్న కాదు, ఒక వ్యాఖ్య" అని మొదలుపెట్టేవాళ్ళు. ఈ మాట ఇంగ్లీషు సభల్లో ఎంత మామూలైపోయిందంటే దానిమీద జోకులు కూడా వున్నాయి. మన సభల్లో దీని పేరు "ప్రశ్న కాదుగానీ, ఒక్క మాట". ఆ ఒక్క మాట తన చిన్నతనంలో చదివిన పుస్తకంతో మొదలై, మధ్యలో తన ఉద్యోగం మీదుగా వెళ్ళి, తను రాస్తున్న నవల దగ్గర ఆగుతుంది. కొందరు ఆ నవల కాపీ చేతిలో పట్టుకునే వస్తారు.

రెండోది, పరీక్ష పెట్టేవాళ్ళు. వేదిక మీద స్త్రీ వుంటే ఆమె ఏమేం చదివిందో కనుక్కోవాలి. ఫలానా రచయిత 1950ల్లో రాసిన ఫలానా కథ చదివారా? అది చదవకుండా ఈ విషయం మీద ఎట్లా మాట్లాడతారు? ఆమెకి సమాధానం తెలుసా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ ప్రశ్న అడగ్గానే ఆమె వక్త స్థానంలోంచి విద్యార్థి స్థానంలోకి జారిపోతుంది. పక్కన కూర్చున్న మగరచయితని ఇట్లా అడగడం నేను చాలా తక్కువగా చూశాను.

మూడోది, వేదిక మీదివాళ్ళని అడిగిన ప్రశ్నకి కిందనుంచి తామే సమాధానం చెప్పేవాళ్ళు. 2008లో రచయిత్రి రెబెకా సోల్నిట్ రాసిన ఒక వ్యాసం చాలా ప్రచారం పొందింది. ఒక విందులో ఒకాయన ఆమెకి ఒక ముఖ్యమైన పుస్తకం గురించి వివరంగా బోధిస్తాడు. ఆ పుస్తకం రాసింది ఈవిడేనని ఆమె స్నేహితురాలు మూడు నాలుగుసార్లు చెప్తేగానీ ఆయనకి వినబడదు. కన్వెన్షన్ గదుల్లో ఇది రోజూ జరిగే సంగతి. నవల రాసిన మనిషి బల్ల వెనకే వుండగా, ఆ నవలలో ఆమె ఏం చెప్పదలుచుకుందో మూడో వరసలోంచి ఒకరు లేచి చెప్తుంటారు.

నాలుగోది మైకు. "నా గొంతు పెద్దదే, మైకు అక్కర్లేదు" అని మైకు పక్కకి తోసేవాళ్ళు ప్రతి గదిలోనూ వుంటారు. వాళ్ళ దృష్టిలో అది నిరాడంబరత. వినికిడి తక్కువైనవాళ్ళకి, చెవి మెషీన్ పెట్టుకున్నవాళ్ళకి, పెదవుల కదలిక చూసి అర్థంచేసుకునేవాళ్ళకి మాత్రం ఆ క్షణంనుంచి సభ అయిపోయినట్టే. తన గొంతు తనకి బాగానే వినబడుతోందని అందరికీ వినబడుతుందనుకోవడంలోనే అసలు సమస్య వుంది.

అయిదోది, ఒక మనిషిని ఒక జాతి మొత్తానికి ప్రతినిధిగా నిలబెట్టడం. వేదిక మీద నల్లజాతి రచయిత్రి వుంటే ఆమె కథ నిర్మాణం గురించి, ఆమె సృష్టించిన లోకం గురించి అడగరు. జాతివివక్ష గురించి మాత్రమే అడుగుతారు. నల్లజాతి రచయిత శామ్యూల్ డిలేనీ 1998లో రాసిన ఒక వ్యాసంలో, తన రచనకీ ఆక్టేవియా బట్లర్ రచనకీ పెద్దగా పోలిక లేకపోయినా తమ ఇద్దర్నీ కలిపి వేదికలెక్కించడం గురించి చెప్పాడు. బట్లర్ అప్పటికే 1995లో మెకార్థర్ ఫెలోషిప్ పొందిన రచయిత్రి, సైన్స్ ఫిక్షన్ రచయితల్లో దాన్ని అందుకున్న మొదటి మనిషి. ఎంత సాధించినా సభ ఆమెని ముందు చర్మం రంగుతోనే గుర్తుపడుతుంది. దళిత రచయిత్రుల్ని, ముస్లిం రచయిత్రుల్ని మన సాహిత్య సభలు ఏమడుగుతాయో తెలిసినవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు.

ఇవన్నీ చిన్న చిన్న చికాకులే కదా, నవ్వుకుని వదిలేయొచ్చు కదా అనేవాళ్ళున్నారు. నా నోటుపుస్తకంలో రాసుకున్న ఒక సంఘటన చెప్తాను. ఒక ప్యానెల్ విషయం, తరాల తరబడి సాగే రోదసి ప్రయాణాలు. బయల్దేరినవాళ్ళ మునిమనవలుగానీ గమ్యం చేరరు, అలాంటి నౌకల కథలు. ప్రశ్నల సమయం పదిహేను నిమిషాలు. అందులో మొదటి ఆరు నిమిషాలు ఒకాయన నౌక ఇంధనం గురించి మాట్లాడాడు. ఇంకొకాయన ఆయన లెక్క తప్పని నాలుగు నిమిషాలు మాట్లాడాడు. మొదటాయన మళ్ళీ లేచాడు. మోడరేటర్ నవ్వుతూ వింటూ వుండిపోయింది. గోడ పక్కన కూర్చున్న ఒక యాభై ఏళ్ళ స్త్రీ మొదటినుంచీ చెయ్యి ఎత్తే వుంచింది. నొప్పి పుట్టినప్పుడు చెయ్యి మార్చుకుంది. టైమైపోయింది.

బయట వరండాలో ఆమెని, మీరేం అడగాలనుకున్నారు అని అడిగాను. ఆమె వృద్ధుల ఆశ్రమంలో ఆయాగా పనిచేస్తుంది. "మూడువందల ఏళ్ళు నడిచే ఓడలో మంచాన పడ్డ ముసలివాళ్ళని ఎవరు చూస్తారు? ఏ కథలోనూ ఎవరూ ఎందుకు చెప్పలేదు?" అంది. సేవ చేసే శ్రమ, దానికి జీతం, అది ఎవరి నెత్తిన పడుతుంది అనే విషయాల మీద స్త్రీవాదులు ఎన్నో పుస్తకాలు రాశారు. ఆ గదిలో ఆ ప్రశ్న అడగగలిగిన మనిషి ఒక్కతే వుంది. ఆమె అడిగివుంటే బల్ల వెనకున్న రచయితల్లో ఒకరైనా తర్వాతి కథ వేరేగా రాసేవాళ్ళేమో. ఇంధనం లెక్క ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆ ప్రశ్న దొరకదు. సభలో ఒకరు అదనంగా తీసుకున్న ప్రతి నిమిషం ఇంకొకరి దగ్గర్నుంచి తీసుకున్నదే. అందుకే దీన్ని మర్యాదకి సంబంధించిన విషయంగా వదిలేయకుండా హక్కుల విషయంగా చూడాలంటాను.

ఇది నా ఒక్కదాని అనుమానం కాదు. మాటల్లో అధికారం గురించి సమాజశాస్త్రంలో చాలా పని జరిగింది. 1975లో డాన్ జిమ్మర్‌మన్, కాండస్ వెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు స్త్రీ పురుషుల సంభాషణలు రికార్డు చేసి చూశారు. మాట మధ్యలో అడ్డుపడిన సందర్భాలు 48 దొరికితే, వాటిలో 46 పురుషులు చేసినవే. అది చిన్న అధ్యయనం, దానిమీద తర్వాత చాలా చర్చ జరిగింది. ప్రశ్నల సమయాన్నే లెక్కగట్టిన అధ్యయనాలు ఈమధ్య వచ్చాయి. సంరక్షణ జీవశాస్త్రవేత్తల అంతర్జాతీయ సమావేశం మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, స్త్రీ అడిగిన ఒక్కో ప్రశ్నకి పురుషులు 1.8 ప్రశ్నలు అడిగారని తేలింది. 2018లో అలేసియా కార్టర్, ఆమె తోటి పరిశోధకులు పది దేశాల్లో 247 విద్యాసంబంధ సెమినార్లని గమనించారు. స్త్రీ పురుషులు దాదాపు సమానంగా హాజరైన సెమినార్లలో కూడా పురుషులు ప్రశ్న అడిగే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువ. ఎందుకు అడగలేదని అడిగితే, ధైర్యం చాలలేదనీ, వక్త చెప్పింది తనకే సరిగా అర్థంకాలేదేమోనని భయపడ్డామనీ చెప్పినవాళ్ళలో స్త్రీలు ఎక్కువ.

ఆ అధ్యయనంలో మనకి అన్నిటికన్నా పనికొచ్చే సంగతి ఒకటుంది. మొదటి ప్రశ్న పురుషుడు అడిగిన సెమినార్లలో తర్వాత స్త్రీలు అడిగిన ప్రశ్నల వంతు తగ్గింది. అంటే స్త్రీల మౌనం స్వభావం కాదు. సభ నడిచే తీరు దాన్ని తయారుచేస్తుంది. తయారుచేసినదాన్ని మార్చవచ్చు కూడా. మొదటి చెయ్యి ఎవరిది తీసుకోవాలన్నది అధ్యక్షత వహించే మనిషి చేతిలో వున్న పని. దానికి డబ్బు అక్కర్లేదు, చట్టం అక్కర్లేదు.

సైన్స్ ఫిక్షన్ లోకంలో స్త్రీలు ఈ విషయాన్ని 1970ల్లోనే పట్టుకున్నారు. 1976లో కాన్సాస్ సిటీలో జరిగిన ప్రపంచ కన్వెన్షన్‌లో సూసన్ వుడ్ అనే సాహిత్య అధ్యాపకురాలు, విమర్శకురాలు, స్త్రీలు - సైన్స్ ఫిక్షన్ అనే విషయం మీద ప్యానెల్ ఏర్పాటుచేసింది. ఆ చర్చ గదిలో ముగియలేదు. అందులోంచి స్త్రీలు రాసిన పేజీలు పోస్టులో ఒకరికొకరు పంపుకునే ఒక బృందం పుట్టింది. 1977లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో విస్కాన్ అనే స్త్రీవాద సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ మొదలైంది. 1978లో వాంకూవర్‌లో జరిగిన ఒక కన్వెన్షన్‌లో స్త్రీలు మాత్రమే కూర్చుని మాట్లాడుకునే గదిని వుడ్ ఏర్పాటుచేసింది. ఆ గది వాళ్ళకెందుకు అవసరమైందో, సంఘం మీటింగులు ముందు ఆడవాళ్ళతో విడిగా పెట్టి తర్వాత అందరితో పెట్టే మన కార్యకర్తలకి బాగా తెలుసు.

ఆ ఏళ్ళలోనే ఇంకొక సంగతి జరిగింది. జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ అనే పేరుతో కథలు వస్తుండేవి. ఆ రచయితని ఎవరూ చూడలేదు. స్త్రీయేమోనని కొందరు అనుమానపడితే, ఆ రచనలో తప్పించుకోలేని మగతనమేదో వుందని, ఆ అనుమానం అర్థంలేనిదని 1975లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ అనే ప్రసిద్ధ రచయిత ఒక ముందుమాటలో రాశాడు. రెండేళ్ళు తిరక్కముందే టిప్‌ట్రీ అసలు పేరు ఆలిస్ షెల్డన్ అని, ఆమె అరవై దాటిన స్త్రీ అని బయటపడింది. వాక్యాలు అవే. చదివేవాళ్ళ మనసులో వున్న రచయిత ఒక్కడే మారాడు. ఆమె ఆ రోజుల్లో కన్వెన్షన్లకి వచ్చి వేదిక మీద కూర్చునివుంటే, ఆ కథలకి ఆ గౌరవం దక్కకముందే ఎవరో ఒకరు ఆమెకి పరీక్ష పెట్టివుండేవారని నేననుకుంటాను. ప్రేక్షకుల చెవి తటస్థంగా వుంటుందన్న నమ్మకాన్ని ఆ ఒక్క ఉదాహరణ చాలు తీసెయ్యడానికి.

ఇక్కడ రెండు అభ్యంతరాలకి జవాబు చెప్పాలి. మొదటిది, ఇట్లా అదుపుచేయడం భావప్రకటనా స్వేచ్ఛకి భంగం కాదా అన్నది. రెండువందల మంది వున్న గదిలో పదిహేను నిమిషాల్ని ముగ్గురు పంచుకుంటే అది స్వేచ్ఛ, పదిమందికి పంచితే అణచివేత ఎట్లా అవుతుంది? అమెరికన్ స్త్రీవాది జో ఫ్రీమన్ 1970లో చేసిన ఒక ప్రసంగం తర్వాత వ్యాసంగా వచ్చి ప్రపంచమంతటా మహిళా బృందాలు చదువుకున్నాయి. నిర్మాణం లేని బృందం అంటూ వుండదని, రాసుకున్న నియమాలు లేనిచోట రాయని నియమాలు రాజ్యమేలుతాయని, అవి కొద్దిమందికే తెలిసివుంటాయని ఆమె వాదించింది. సభలకీ ఇది వర్తిస్తుంది. మోడరేటర్ మర్యాద కోసం నవ్వుతూ వూరుకుంటే ఆమె తటస్థంగా వున్నట్టు కాదు. మాట్లాడుతున్నవాడి పక్షం వహించినట్టు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. సభని విసిగించేవాళ్ళందరూ అహంకారులు కారు. ఏడాదంతా తన ఇష్టాన్ని పంచుకునే మనిషి దొరక్క, ఆ మూడు రోజుల కోసం ఎదురుచూసిన ఒంటరివాళ్ళు కన్వెన్షన్లలో చాలామంది వుంటారు. ఎదుటివాళ్ళ ముఖకవళికలు చదవడం కష్టమయ్యే ఆటిజం వున్నవాళ్ళు వుంటారు. పక్కవాళ్ళు నిట్టూర్చినా, వాచీ చూసుకున్నా వాళ్ళకి అర్థంకాదు. అలాంటివాళ్ళకి వెక్కిరింపు కన్నా, "ఒక్కొక్కరికి ఒక నిమిషం, ఒకే ప్రశ్న, టైమైతే నేను చెయ్యెత్తి ఆపుతాను" అని ముందే స్పష్టంగా చెప్పడం ఎంతో దయగలది. ఆడవాళ్ళు కూడా సభని ఆక్రమిస్తారు. పై చదువు, పైకులం, ధారాళమైన ఇంగ్లీషు వున్న ఆడవాళ్ళు మరీ. నియమం అందరికీ ఒకటే అయితేనే దానికి విలువ.

కానీ ఆ నియమాన్ని గుడ్డిగా వాడకూడదు. "ప్రశ్న మాత్రమే అడగండి, అనుభవాలు చెప్పకండి" అని గిరిగీస్తే ఎవరు బయటపడతారో చూడాలి. సెమినార్ భాషలో ప్రశ్న తయారుచేయడం చదువు నేర్పే విద్య. కూలిపని చేసే స్త్రీ లేచినప్పుడు ఆమె ప్రశ్న తన కథ రూపంలో వస్తుంది. తన పాసుపుస్తకం పోయిన సంగతి చెప్పి, ఆఫీసు చుట్టూ తిరిగిన సంగతి చెప్పి ఆగిపోతుంది. ఆ ఆగినచోటే ప్రశ్న వుంది. దాన్నీ, నవల కాపీ పట్టుకుని వచ్చినాయన ఉపన్యాసాన్నీ ఒకే గడియారంతో కొలిస్తే మనం మళ్ళీ ఆమెనే కూర్చోబెడతాం. ఒకరికి ఆ గది బయట ఎన్నో వేదికలున్నాయి, ఇంకొకరికి ఇదొక్కటే. ఆ తేడా తెలిసినవాళ్ళే సభ నడపాలి. అనుభవాలు వినాల్సిన సభల్లో వాటికి విడిగా, ముందుగా సమయం కేటాయించాలి. అప్పుడు ప్రశ్నల సమయంలో కచ్చితంగా వుండొచ్చు.

కన్వెన్షన్ల స్త్రీలు ఏం చేశారో చూద్దాం. మోడరేటర్ పని మర్యాదకి ఇచ్చే పదవి కాదని, నేర్చుకోవాల్సిన పని అని గుర్తించారు. చర్చ మొదట్లోనే ప్రశ్నలు ఎప్పుడు, ఎట్లా అని చెప్పడం, మాట్లాడనివాళ్ళని ముందు పిలవడం, మైకు లేకుండా మాట్లాడనివ్వకపోవడం, అవసరమైతే ప్రశ్నలు చీటీల మీద రాయించడం అలవాటు చేశారు. విస్కాన్‌లో చక్రాల కుర్చీలకి, దారికి, దగ్గరగా కూర్చుంటేగానీ వినబడనివాళ్ళకి చోటు వదలడానికి నీలం టేపుతో గుర్తులు పెట్టారు. 2010 తర్వాత చాలా కన్వెన్షన్లు వేధింపుల మీద, ప్రవర్తన మీద నియమాలు రాసి ప్రకటించాయి. 2013లో జాన్ స్కాల్జీ అనే రచయిత, అలాంటి నియమాలు ప్రకటించని కన్వెన్షన్లకి అతిథిగా రానని బహిరంగంగా చెప్పాడు. ఇంకా చాలామంది ఆయనతో గొంతు కలిపారు. పిలిచినచోటికల్లా వెళ్ళే మన మిత్రులైన వక్తలు, ముఖ్యంగా మగమిత్రులు, ఈ పని చేయొచ్చు. పోరాటాలన్నీ అయిపోయాయని కాదు. 2016, 2017, 2018ల్లో వరసగా మూడేళ్ళు ఉత్తమ నవలకి హ్యూగో అవార్డు అందుకున్న నల్లజాతి రచయిత్రి ఎన్.కె. జెమిసిన్, ఆ మూడో అవార్డు తీసుకుంటూ కూడా తనలాంటివాళ్ళకి ఆ వేదిక మీద చోటు లేదన్నవాళ్ళ గురించి మాట్లాడాల్సి వచ్చింది.

ఈ సాహిత్యంతో మనకి సంబంధం లేదనుకునేవాళ్ళకి ఒక చరిత్ర గుర్తుచేయాలి. స్త్రీలు నడిపే దేశాన్ని ఊహించిన తొలి సైన్స్ ఫిక్షన్ కథల్లో ఒకటి రొకేయా సఖావత్ హొసేన్ రాసిన "సుల్తానాస్ డ్రీమ్". అది 1905లో అచ్చయింది మద్రాసునుంచి వచ్చే "ఇండియన్ లేడీస్ మ్యాగజైన్"లో. 1901లో ఆ పత్రిక స్థాపించి నడిపిన సంపాదకురాలు కమలా సత్యనాథన్ రాజమండ్రిలో పుట్టిన తెలుగు స్త్రీ. ఆ కథలో స్త్రీల విశ్వవిద్యాలయాలు మేఘాలనుంచి నీటినీ, ఎండనుంచి వేడినీ పట్టుకునే విద్యలు కనిపెడుతుంటే, సైన్యంలోని మగవాళ్ళు వాళ్ళని ఎగతాళి చేస్తారు. చివరికి శత్రువుని తరిమేది ఆ ఎండ వేడే. రొకేయా తన కథలో మగవాళ్ళని లోపల కూర్చోబెట్టి తలుపు వేసేసింది. మనం అంత అడగడం లేదు. రెండు నిమిషాల్లో ముగించమంటున్నాం.

రాబోయే మూడు నెలల్లో మీరు పెట్టే సభల్లో కొన్ని పనులు చేసి చూడమని కోరుతున్నాను. ఉపన్యాసాలు సగం తగ్గించి ప్రశ్నలకి సమయం పెంచండి. ప్రశ్నలకి ముందు, పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడుకోవడానికి మూడు నిమిషాలు ఇవ్వండి. పక్కవాళ్ళతో ఒకసారి అనిచూసుకున్న ప్రశ్న మైకు ముందు తడబడదు. మొదటి ప్రశ్న స్త్రీకి, అందులోనూ అప్పటిదాకా మాట్లాడని స్త్రీకి ఇవ్వండి. ఒకరికి ఒకసారే, అందరూ అడిగాకే రెండోసారి. రాయలేనివాళ్ళ ప్రశ్న రాసిపెట్టడానికి ఒక కార్యకర్తని కేటాయించండి. అధ్యక్షత వహించేవాళ్ళకి ఆపే అధికారం వుందని సభ మొదట్లోనే అందరికీ చెప్పండి. ఆపినప్పుడు ఆమె వెంట నిలబడండి. ఆపిన స్త్రీని "గయ్యాళి" అనడం ఎంత తేలికో మనకి తెలుసు.

సభ అయ్యాక ఎవరెవరు ఎంతసేపు మాట్లాడారో ఒక కాగితం మీద లెక్క రాయండి. స్త్రీలెందరు, పురుషులెందరు, దళితులెందరు, మొదటిసారి మాట్లాడినవాళ్ళెందరు. ఏ పద్ధతి పనిచేసింది, ఏది వికటించింది, ఎవరికి కోపం వచ్చింది అన్నీ రాసి మాకు పంపండి. వచ్చే సంచికలో ఆ లెక్కలన్నీ ఒకచోట పెట్టి చర్చిద్దాం.